ఆ సీసా వద్దు, ముందు చెవులు చూపించండి

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మా పాపకు ఏడేళ్లు. పుట్టినప్పటి నుంచీ రెండు చేతుల్లోనూ బొటనవేలు తప్ప మిగతా వేళ్లు నడిమి కణుపు దగ్గర వంగవు. పిడికిలి బిగించలేదు. గ్రహణం నాడు నా భార్య కత్తిపీట ముట్టుకుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. మాది మేనరికం, అందువల్లేనని బంధువులు అంటారు. నాగదోషమంటే పూజ కూడా చేయించాం. నూనె మర్దనతో వేళ్లు వంచుతానన్న ఒకాయన దగ్గరకు నాలుగు నెలలు తిప్పాం. పాప ఏడుపు చూడలేక మానేశాం. నాకూ మా నాన్నకూ కూడా చిటికెన వేళ్లు వంగవు కానీ ఏ పనికీ అడ్డు రాలేదు. బరంపురంలో బయోటెక్నాలజీ చదువుతున్న మా మేనల్లుడు, ఇది నాగిన్ అనే ప్రోటీను తక్కువై వచ్చిందని, మనిషి నాగిన్‌నే తయారుచేసి అమ్ముతున్నారని ఇంటర్నెట్‌లో చూపించాడు. 20 మైక్రోగ్రాముల సీసా పాతిక వేలు దాటింది. అప్పు చేసైనా తెప్పించి ఇంజెక్షన్ చేయిస్తే వేళ్లు వంగుతాయా? రెండో బిడ్డను కనాలనుకుంటున్నాం, భయంగా ఉంది. ఇంకో మాట. పాప బడిలో పరధ్యానంగా ఉంటుందని, పిలిస్తే పలకదని టీచరు అంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కాబట్టి అలా ఉందేమో. మా నాన్నకు రైసుమిల్లు మోత వల్ల చెవుడు. తాత పోలిక వచ్చిందని నవ్వుకుంటాం. విచిత్రమేమిటంటే ఆయనకు మిల్లులో మాట్లాడితే వినిపిస్తుంది, ఇంటికి వస్తే వినిపించదు.
— ఒక తండ్రి

జవాబు: కొనకండి. అప్పు అసలే చేయకండి. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుతారు.

మీ మేనల్లుణ్ణి మాత్రం కోప్పడవద్దు. అతను చెప్పినదాంట్లో మొదటి సగం నిజమయ్యే అవకాశం బాగానే ఉంది. పొరపాటు రెండో సగంలో ఉంది. వేళ్ల ఎముకలు కణుపు దగ్గర విడిపోకుండా కలిసిపోయి పుట్టడాన్ని వైద్యులు సింఫలాంజిజం అంటారు. ఆ పేరు పెట్టింది హార్వే కుషింగ్ అనే అమెరికా వైద్యుడు, 1916లో. వర్జీనియాలోని ఒక కుటుంబంలో తరతరాలుగా వంగని వేళ్లను చూసి రాశాడు. ఆ మరుసటి ఏడాది డ్రింక్‌వాటర్ అనే మరో వైద్యుడు, ఇంగ్లండులోని ఒక ప్రభు వంశంలో ఇది పద్నాలుగు తరాలుగా వస్తున్నదని రాశాడు. చాలా కుటుంబాల్లో దీనికి మూలం నాగిన్ జన్యువులోని తేడా అని 1999లో తేలింది. అది మన 17వ క్రోమోజోము మీద ఉంటుంది. వేరే జన్యువుల వల్ల కూడా ఇలాంటి వేళ్లు రావచ్చు కాబట్టి మీ ఇంట్లో ఉన్నది అదేనని పరీక్ష చేయకుండా నేను అనను.

ఈ నాగిన్‌కూ మీరు పూజ చేయించిన నాగదేవతకూ చుట్టరికం ఏమీ లేదు. 1992లో అమెరికాలోని బర్క్‌లీలో విలియం స్మిత్, రిచర్డ్ హార్లండ్ ఆఫ్రికా కప్ప పిండాల్లో ఈ జన్యువును పట్టుకున్నారు. దీని మోతాదు పెంచితే పిండానికి ఒళ్లు తగ్గి తల పెద్దదయ్యేది. ఇంగ్లీషులో బుర్రకు వాడుక మాట నాగిన్. ఆ పేరే పెట్టేశారు. మన వాళ్లు కనిపెట్టి ఉంటే 'బుర్ర ప్రోటీను' అయ్యేది. మీకు ఆ పూజ ఖర్చు తప్పేది.

దీని వెనుక పెద్ద కథ ఉంది. నేను జంతుశాస్త్రం చెప్పుకొని బతికినవాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1924లో జర్మనీలో హాన్స్ స్పేమన్, ఆయన శిష్యురాలు హిల్డే మాంగోల్డ్ ఒక ప్రయోగం ప్రకటించారు. బల్లిని పోలిన నీటి జీవి న్యూట్. దాని పిండం నుంచి ఒక చిన్న ముక్క తీసి, మరో పిండం పొట్ట వైపున అతికించారు. ఆ పొట్ట మీద రెండో వెన్ను, రెండో నాడీ వ్యవస్థ లేచాయి. అంత చిన్న ముక్క పక్కనున్న కణాలన్నిటికీ పని పురమాయించింది. ఏ పదార్థంతో పురమాయించిందన్నది ఎవరికీ అంతుపట్టలేదు. ఆ అమ్మాయి అదే ఏడాది ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయింది. గురువుకు 1935లో నోబెల్ వచ్చింది. ఆ ముక్కలో ఉండే పదార్థాల్లో ఒకటి నాగిన్ అని తెలియడానికి 68 ఏళ్లు పట్టింది. తీరా దొరికాక చూస్తే అది పురమాయించేది కాదు, అడ్డుకునేది. శరీరంలో బీఎంపీలనే (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్లు) ప్రోటీన్లు ఉంటాయి. ఎముకను పుట్టించే గుణం వల్ల వాటికి ఆ పేరు వచ్చింది. నాగిన్ పోయి బీఎంపీని రెండు పక్కలా పట్టేస్తుంది. ఇక అది కణం మీది గ్రాహకాన్ని తాకలేదు, కబురు అందదు.

వేళ్ల సంగతికి వస్తే, గర్భంలో రెండో నెలలో ఒక్కో వేలూ ఒకే మృదులాస్థి కడ్డీగా మొదలవుతుంది. కణుపు రావలసిన చోట ఆ కడ్డీ తెగి ఖాళీ ఏర్పడాలి. మేస్త్రీ గోడ కడుతున్నాడనుకోండి. పక్కన ఒక మనిషి నిలబడి 'ఇక్కడ వాకిలి వస్తుంది, ఇటుక పెట్టకు' అని చెప్పాలి. నాగిన్ చేసే పని అది. ఆ మనిషి గొంతు సగమే వినబడితే మేస్త్రీ కట్టుకుంటూ పోతాడు, వాకిలి మూసుకుపోతుంది. నాగిన్ బొత్తిగా లేకుండా పుట్టించిన ఎలుకల్లో కణుపులే ఏర్పడలేదు, అవి పుట్టగానే చనిపోయాయి. 1998లో ఆ సంగతి ప్రకటించారు. మీ పాపకు ఏడేళ్లు. గోడ లేచింది, పూత అయింది, సున్నం కూడా వేశారు. ఇప్పుడు ఆ మనిషిని పాతిక వేలిచ్చి పిలిపించి గోడ ముందు నిలబెడితే ఇటుకలు వాటంతట అవి ఊడిరావు. కలిసిపోయిన ఎముకను విడదీసే శక్తి నాగిన్‌కు లేదు. అది కట్టడాన్ని ఆపుతుందే కానీ కట్టినదాన్ని కూల్చదు.

ఇక ఆ సీసా సంగతి. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. 'పరిశోధనకు మాత్రమే' అని చిన్న అక్షరాలతో రాసి ఉంది. అది ఊరికే వేసిన ముద్ర కాదు. మనిషి జన్యువును బ్యాక్టీరియాలోకో, గిన్నెల్లో పెంచే జంతుకణాల్లోకో ఎక్కించి, అవి తయారుచేసిన ప్రోటీనును శుద్ధి చేసి, ఎండబెట్టి పొడిగా పంపుతారు. 'మనిషి' అన్న మాట నమూనా ఎవరిదో చెబుతుంది, వాడకం ఎవరికో చెప్పదు. గాజు గిన్నెలోని కణాలకు సరిపోయే శుభ్రత వేరు, రక్తంలోకి ఎక్కించడానికి కావలసిన శుభ్రత వేరు. బ్యాక్టీరియా గోడల అవశేషాలు అణుమాత్రం మిగిలినా ఒంట్లోకి వెళితే జ్వరంతో మొదలై ప్రాణం మీదకు రావచ్చు. అంతకన్నా నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. ఇలాంటి ప్రోటీనును శరీరం పరాయిదిగా భావించి దాని మీద యుద్ధం మొదలుపెడితే, పాపకు సొంతంగా ఉన్న ఆ సగం నాగిన్‌ను కూడా శత్రువుగానే చూడవచ్చు. పైగా బీఎంపీలు చెడ్డవేమీ కావు. విరిగిన ఎముక అతకడానికి అవి కావాలి. వాటిలో ఒకటైన బీఎంపీ-2ను వెన్నెముక శస్త్రచికిత్సలో వాడుకోవడానికి అమెరికా 2002లో అనుమతించింది. దాన్ని అడ్డుకునే నాగిన్ మాత్రం మందుగా ఎక్కడా దుకాణానికి రాలేదు.

మరి దాన్ని ఎవరు కొంటారు? మీ మేనల్లుడి లాంటివాళ్లే, ప్రయోగశాలల్లో. పేగు లోపలి పొరను బుల్లి ముద్దలుగా గిన్నెలో పెంచే పద్ధతి 2009లో నెదర్లాండ్స్‌లో వచ్చింది. ఆ ముద్దలకు పోసే ద్రవంలో నాగిన్ ఒక ముఖ్య దినుసు. మూలకణాలను నాడీకణాలుగా మలిచే పనికీ దాన్ని వాడారు. పేగు ముద్దల ద్రవానికి మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు చాలు. మీరు చెప్పిన 20 మైక్రోగ్రాములు అలాంటి ద్రవం 200 మిల్లీలీటర్లకు సరిపోతాయి, అంటే ఒక గ్లాసెడు. అబ్బాయికి ఇందులో నిజంగా ఆసక్తి ఉంటే, అదే బరంపురంలో 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ నడుస్తోంది. వెళ్లి అక్కడి పిండశాస్త్రం వాళ్లను పలకరించమనండి. మేనమామ కూతురి వేళ్ల కోసం ఇంత చదివినవాడు ఊరికే పోడు.

ఇప్పుడు కత్తిపీట గురించి. ఈ ఒక్క విషయంలో నాకు కోపం వచ్చింది, దాచుకోను. మీ పాప వేళ్ల కథ మీ ఉత్తరంలోనే ఉంది. మీ నాన్నగారి చిటికెన వేలు, మీ చిటికెన వేలు, ఆ తరువాత పాప. ముగ్గురూ వరసగా నిలబడితే దారి ఎటు నుంచి వచ్చిందో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అది మీ వైపు నుంచి వచ్చింది, ఏడేళ్లుగా మాట పడుతున్నది మీ భార్య. గ్రహణం నాడు ఆమె పది కాయలు తరిగినా, ఒక్కటీ తరగకపోయినా జరిగేది ఇదే. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. దగ్గరి పెళ్లిళ్లలో భయపడవలసినవి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపాలు కలిస్తే బయటపడే జబ్బులు. ఇది ఒక్క లోపంతోనే కనిపిస్తుంది. మీకు ఏ సంబంధం కుదిరినా ఇంతే. మీ అమ్మగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. మేనరికం అంటున్నారు కాబట్టి, ఆవిడ తప్పు పడుతున్నది బహుశా సొంత అన్నదమ్ముల కూతురినే. మీరేమీ సిగ్గుపడనక్కరలేదు. జన్యువును ఎవరూ ఏరి ఇవ్వరు.

రెండో బిడ్డకు ఇది వచ్చే అవకాశం సగానికి సగం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదన్న లెక్క లేదు, ప్రతిసారీ నాణెం కొత్తగా ఎగరేసినట్టే. వస్తే ఎంత తీవ్రంగా వస్తుందో ఎవరూ చెప్పలేరు. మీకు ఒక్క వేలితో పోయింది, పాపకు నాలుగు వేళ్లకు వచ్చింది. ఇది ప్రాణాంతకం కాదు, తెలివికి లోటు చేయదు. అందువల్ల కనాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇద్దరి ఇష్టం. జన్యువు పేరు ఖాయం చేసుకోవాలంటే హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలో జన్యువైద్య విభాగం ఉంది. ఆ దూరం ఇప్పుడే వెళ్లాలన్న తొందరేమీ లేదు.

వేళ్లకు చేయవలసింది కొంచెమే. ఒకసారి చేతులకు, పాదాలకు ఎక్స్‌రే తీయించండి. ఈ రకంలో మణికట్టు ఎముకలు, మడమ దగ్గరి ఎముకలు కూడా కలిసిపోవచ్చు, నడిస్తే పాదాలు నొప్పి పెట్టవచ్చు. వంగని కణుపు మీద చర్మం చూడండి. ముడతలు లేకుండా నున్నగా ఉంటే అది పుట్టుక నుంచీ వంగలేదన్న గుర్తు. మర్దన మానేసి మంచి పని చేశారు. మళ్లీ ఎవరు చెప్పినా వెళ్లకండి. అక్కడ బిగుసుకున్నది నరం కాదు, ఎముక. దాన్ని బలవంతంగా వంచితే విరుగుతుంది. శస్త్రచికిత్స చేసి కణుపు తెరిచినా చాలావరకు మళ్లీ అతుక్కుంటుంది కాబట్టి చేతుల డాక్టర్లు అంత తొందరగా కత్తి పట్టరు. లావుపాటి పెన్సిలు కొనివ్వండి. అన్నం కలిపే తీరు ఆ పిల్లే సొంతంగా కనిపెట్టుకుని ఉంటుంది, దాన్ని సరిదిద్దకండి.

అసలు మాటకు ఇప్పుడు వస్తున్నాను. మీరు చివర్లో 'ఇంకో మాట' అని రాసిన ఐదు వాక్యాలు చదివాక నేను ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను.

మన చెవిలో కూడా కణుపులున్నాయి. కర్ణభేరి వెనుక మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి. చివరిది గుర్రపు రికాబు ఆకారంలో ఉంటుంది, మనిషి ఒంట్లో అంతకన్నా చిన్న ఎముక లేదు. అది ఒక కిటికీలో అటూ ఇటూ కదిలితేనే శబ్దం లోపలి చెవికి చేరుతుంది. వేళ్ల దగ్గర ఏం జరిగిందో అక్కడా అదే జరిగి, రికాబు కిటికీకి అతుక్కుపోతే శబ్దం గడప దగ్గరే ఆగిపోతుంది. నాగిన్ లోపమున్న కుటుంబాల్లో ఈ రకం చెవుడు పేరుపొందిన విషయమే. కొందరికి చిన్నతనంలోనే మొదలవుతుంది. పిలిస్తే పలకని మీ పాప పరధ్యానంలో ఉందో, ఒడియా అర్థం కాక ఊరుకుందో, మాట చెవిన పడటమే లేదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. వెనుక నుంచి, మామూలు గొంతుతో, తెలుగులో పిలవండి. మీ ఇంటి భాషలో పిలిచినా పలకకపోతే తప్పు ఒడియాది కాదు.

మీ నాన్నగారి సంగతి నన్ను మరీ ఆలోచనలో పడేసింది. మిల్లు మోత వల్ల వచ్చిన చెవుడైతే మోతలో ఇంకా తక్కువ వినబడాలి. ఆయనకు మోతలోనే బాగా వినిపిస్తోంది. 1672లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఇలాంటి ఒక ఇల్లాలి గురించి రాశాడు. పక్కన డోలు మోగుతుంటేనే ఆమెకు మాట వినిపించేదట. ఆ భర్త డోలు వాయించేవాణ్ణి పనికి పెట్టుకున్నాడట. మోతలో అవతలివాళ్లు గొంతు పెంచి మాట్లాడతారు. రికాబు బిగుసుకున్న చెవికి ఆ మోత అంతగా అడ్డురాదు, పెంచిన గొంతు మాత్రం అందుతుంది. లోపలి చెవి బాగానే ఉండి దారి మాత్రమే మూసుకుపోయిన చెవుడుకు ఇదొక ఆనవాలు. ఈ రకం చెవుడుకు వినికిడి యంత్రం చక్కగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకు రికాబును మార్చే శస్త్రచికిత్స కూడా ఉంది. పిల్లలకు అది ఎప్పుడు, చేయాలా వద్దా అన్నది చెవి వైద్యులు ఆచితూచి చెబుతారు.

మీ ఊళ్లోనే ఉండి సవర భాషకు నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారి చెవుల కథ మీకు తెలిసే ఉంటుంది. సవర గూడేలు తిరుగుతుంటే మన్యం జ్వరం పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ చెవులను తీసుకుపోయింది. అది నిజమైన మందు, డాక్టర్లు ఇచ్చిన మందు. దానికే అలాంటి రెండో ముఖం ఉందంటే, మందే కానిదాన్ని పాప ఒంట్లోకి ఎక్కించే ఆలోచన నాకు ఎలా ఉంటుందో చూడండి.

పాతిక వేలు అక్కరలేదు. పర్లాకిమిడి మీ జిల్లా కేంద్రమే. జిల్లా ఆసుపత్రికి వెళ్లి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పాపను చూడమని అడగండి. పుట్టుకతో వచ్చే లోపాలు, వినికిడి సమస్యలు రెండూ దాని పరిధిలోనివే, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచితం. అక్కడ పరికరాలు లేకపోతే పై ఆసుపత్రికి చీటీ రాసిస్తారు. బరంపురం వైద్య కళాశాలకైనా, పాతపట్నం మీదుగా విశాఖ చెవి ముక్కు గొంతు ఆసుపత్రికైనా, మీకు ఏ దారి సులువైతే అటు వెళ్లండి. ఏడేళ్ల పిల్ల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దం వినగానే చేయి ఎత్తగలదు కాబట్టి ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష కష్టం కాదు. 'శబ్దాన్ని గాలి ద్వారా, ఎముక ద్వారా రెండు విధాలా పంపి చూడండి' అని ప్రత్యేకంగా చెప్పండి. దారి మూసుకుపోయిందా, లోపలి చెవి దెబ్బతిన్నదా అన్నది పరీక్ష కాగితం మీద ఆ రెండింటికీ గీసే గీతల మధ్య ఎడమే చెబుతుంది. వేళ్ల సంగతి కూడా చెవి డాక్టరుకు చెప్పడం మరచిపోకండి. చేతులు చూపించకపోతే ఆయన చీము, జలుబు అనుకుని పంపేయవచ్చు. ఈ రకంలో కొందరికి దగ్గరి చూపు కూడా మసకగా ఉంటుంది కాబట్టి అదే రోజు కళ్లు కూడా చూపించేయండి.

ఫలితం వచ్చేదాకా పాపను మొదటి బెంచీలో కూర్చోబెట్టమని, ముఖం చూపిస్తూ మాట్లాడమని టీచరుకు చెప్పండి. పరధ్యానమన్న మాట కొన్నాళ్లు పక్కన పెట్టమని కూడా.

వెళ్లేటప్పుడు మీ నాన్నగారిని తీసుకెళ్లండి. మిల్లుకు ఒక పూట సెలవు పెడితే సరిపోతుంది. తాతకూ మనవరాలికీ ఒకే రోజు పరీక్ష చేయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడమని డాక్టరును అడగండి. వాటి ఫొటో నాకు కూడా పంపండి.